ఎకరాకు రాసిన మోతాదు మీ పొలానికి ఎంత? పట్టికల్లో అనుపాతాన్ని గుర్తించే పద్ధతి

ఎరువుల మోతాదు, మందుల మోతాదు, మొక్కల సంఖ్య, అద్దె రేట్లు, తేమ కోత... వ్యవసాయంలో మనకు అందే సమాచారంలో సగం పట్టికల రూపంలోనే ఉంటుంది. పట్టికలో మన పొలం విస్తీర్ణం సరిగ్గా ఉండదు. ఎకరాకు ఉన్న అంకెను మన రెండున్నర ఎకరాలకో, ముప్పై గుంటలకో మార్చుకోవాలి. ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. కొన్ని పట్టికల్లో అంకెను నేరుగా హెచ్చించుకోవచ్చు. కొన్నింటిలో హెచ్చిస్తే నష్టం. ఏది ఏ రకమో గుర్తించడం ఎలాగో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ముందుగా నేను చూసిన ఒక సంఘటన.

కొన్నేళ్ల క్రితం వానాకాలంలో ఒక రైతు నన్ను తన వరి మడికి తీసుకెళ్లారు. నాటిన మూడో రోజున ప్రెటిలాక్లోర్ 50 శాతం కలుపు మందు ఇసుకలో కలిపి చల్లారు. నీరు పలుచగానే నిలగట్టారు. అన్నీ పద్ధతి ప్రకారమే చేశారు. అయినా మడి నిండా ఊద, తుంగ మొలిచి ఉన్నాయి. మందు నకిలీదని ఆయన అనుమానం. ఎంత వేశారని అడిగితే 150 మి.లీ. అన్నారు. పొలం ఎంత అంటే 30 గుంటలు. ఎకరాకు 500 మి.లీ. చొప్పున 30 గుంటలకు 375 మి.లీ. పడాలి. ఆయన కొడుకు పాస్‌బుక్‌లో 0.30 అని చూసి, ఫోన్‌లో 0.30ని 500తో హెచ్చించి 150 అని చెప్పాడట. మిగిలిన 350 మి.లీ. మందు సీసాలో అలాగే ఇంట్లో ఉంది. అబ్బాయి హెచ్చవేత తప్పలేదు. అంకెను చదవడంలోనే తప్పు జరిగింది. ఆ తప్పుకు మళ్లీ ఒక మందు కొట్టి, ఆపైన కూలీలను పెట్టి రెండుసార్లు కలుపు తీయించాల్సి వచ్చింది. మందు మంచిదే. దుకాణదారుడి తప్పూ లేదు.

అనుపాతం అంటే ఏమిటి?

రెండు అంకెల వరుసల్లో ఒకటి రెట్టింపైతే రెండోదీ రెట్టింపై, ఒకటి సగమైతే రెండోదీ సగమైతే వాటి మధ్య అనులోమానుపాతం ఉన్నట్టు. బడిలో చదివిన మాటే ఇది. ఒక కిలో విత్తనం ధర తెలిస్తే ఏడు కిలోల ధర చెప్పగలుగుతున్నామంటే కారణం ఇదే.

పట్టికను చూసినప్పుడు మూడు పరీక్షలు చేయాలి.

1. సున్నా పరీక్ష: మొదటి వరుసలో సున్నా ఉంటే రెండో దానిలోనూ సున్నా రావాలి. పొలమే లేకపోతే ఎరువు అక్కర్లేదు కదా.
2. రెట్టింపు పరీక్ష: మొదటి అంకె రెట్టింపైన చోట రెండోదీ రెట్టింపు కావాలి.
3. భాగహార పరీక్ష: ప్రతి వరుసలో రెండో అంకెను మొదటి అంకెతో భాగించాలి. అన్ని వరుసల్లో ఒకే జవాబు రావాలి. ఆ జవాబే ఎకరాకో, బస్తాకో, లీటరుకో ఒక్కింటికి వచ్చే విలువ.

మూడింటిలో భాగహార పరీక్ష గట్టిది. ఒకటి రెండు వరుసలు చూసి ఆపకూడదు, అన్ని వరుసలూ చూడాలి. ఎందుకో కింద తెలుస్తుంది. ముద్రించిన పట్టికల్లో అంకెలను దగ్గరి పూర్ణ సంఖ్యకు సరిచేసి వేస్తారు కాబట్టి జవాబుల్లో చిన్న తేడా ఉంటే పట్టించుకోనవసరం లేదు.

నేరుగా హెచ్చించదగిన పట్టిక: యూరియాలో నత్రజని

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. ఇప్పుడు వస్తున్న బస్తా 45 కిలోలు.

| యూరియా బస్తాలు | యూరియా (కిలోలు) | నత్రజని (కిలోలు) | నత్రజని ÷ యూరియా |
|---|---|---|---|
| అర బస్తా | 22.5 | 10.35 | 0.46 |
| 1 | 45 | 20.7 | 0.46 |
| 2 | 90 | 41.4 | 0.46 |
| 3 | 135 | 62.1 | 0.46 |

అన్ని వరుసల్లో 0.46 వచ్చింది. సున్నా బస్తాకు సున్నా నత్రజని. కాబట్టి ఇది అనుపాత పట్టిక. ఏడు బస్తాలకైనా, పావు బస్తాకైనా నిశ్చింతగా లెక్క వేసుకోవచ్చు.

ఒక జాగ్రత్త. 2018కి ముందు యూరియా బస్తా 50 కిలోలు ఉండేది. అప్పటి బస్తాలో 23 కిలోల నత్రజని ఉండేది, ఇప్పటి బస్తాలో 20.7 కిలోలే ఉంది. పాత కరపత్రంలో "రెండు బస్తాల యూరియా" అని ఉంటే ఇప్పటి రెండు బస్తాలతో దానికి 10 కిలోల యూరియా తక్కువ పడుతుంది. డి.ఎ.పి., పొటాష్ బస్తాలు 50 కిలోలే. అందుకే ఎప్పుడూ బస్తాల్లో కాకుండా కిలోల్లో లెక్క వేసుకోవాలి. బస్తా బరువు మారినా కిలో మారదు.

అలాగే కొన్ని పుస్తకాల్లో మోతాదు హెక్టారుకు ఇస్తారు. హెక్టారుకు 2.47 ఎకరాలు. హెక్టారుకు 120 కిలోల నత్రజని అంటే ఎకరాకు సుమారు 48.6 కిలోలు. పట్టిక పైన "హెక్టారుకు" అని ఉందో "ఎకరాకు" అని ఉందో చూడకుండా వేస్తే ఎరువు రెండున్నర రెట్లు పడుతుంది.

పాస్‌బుక్ అంకెలో చుక్క: గుంటలా, సెంట్లా?

పైన చెప్పిన రైతు విషయంలో జరిగిన పొరపాటు ఇదే. తెలంగాణలో విస్తీర్ణాన్ని ఎకరాలు, గుంటల్లో రాస్తారు. ఎకరాకు 40 గుంటలు. కాబట్టి 1.20 అంటే ఒక ఎకరా 20 గుంటలు, అంటే ఎకరన్నర. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరాలు, సెంట్లలో రాస్తారు. ఎకరాకు 100 సెంట్లు. అక్కడ 1.20 అంటే ఒక ఎకరా 20 సెంట్లు, సరిగ్గా 1.20 ఎకరాలే. ఒక గుంట రెండున్నర సెంట్లతో సమానం. రాసే తీరు ఒకటే, అర్థం వేరు.

గుంటల్లో రాసిన విస్తీర్ణానికి, ఎకరాకు 500 మి.లీ. చొప్పున సరైన మోతాదును ఈ పట్టికలో చూడండి.

| పాస్‌బుక్‌లో రాసింది | మొత్తం గుంటలు | మందు (మి.లీ.) | మందు ÷ రాసిన అంకె | మందు ÷ గుంటలు |
|---|---|---|---|---|
| 0.10 | 10 | 125 | 1250 | 12.5 |
| 0.20 | 20 | 250 | 1250 | 12.5 |
| 0.30 | 30 | 375 | 1250 | 12.5 |
| 1.00 | 40 | 500 | 500 | 12.5 |
| 1.20 | 60 | 750 | 625 | 12.5 |
| 2.10 | 90 | 1125 | 536 | 12.5 |

నాలుగో గడి గమనించండి. మొదటి మూడు వరుసల్లో 1250 వచ్చింది. అక్కడితో ఆపితే అనుపాతం ఉన్నట్టే కనిపిస్తుంది. నాలుగో వరుసకు వచ్చేసరికి 500 అయింది. అన్ని వరుసలూ చూడాలని చెప్పింది ఇందుకే. చివరి గడిలో అన్నీ 12.5. అంటే మందుకు గుంటలతో అనుపాతం ఉంది, చుక్క పెట్టి రాసిన అంకెతో లేదు.

పద్ధతి ఇది: ఎకరాలను 40తో హెచ్చించి, మిగిలిన గుంటలను కలిపి మొత్తం గుంటలు చేయాలి. ఎకరా మోతాదును 40తో భాగిస్తే గుంటకు ఎంతో వస్తుంది. ఆ రెండింటినీ హెచ్చించాలి. 2 ఎకరాల 10 గుంటలకు 90 గుంటలు, 90 × 12.5 = 1125 మి.లీ. ఇంట్లో పిల్లలు ఫోన్‌లో లెక్క వేస్తుంటే ముందుగా ఈ ఒక్క విషయం వారికి చెప్పండి. లెక్క వచ్చాక మీ అనుభవంతోనూ సరిచూసుకోండి. ముప్పై గుంటలంటే ముప్పావు ఎకరం అని మీకు తెలుసు. ముప్పావు ఎకరానికి అర లీటరులో మూడో వంతు కూడా పడకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే.

లీటరు నీటికి మోతాదు, ఎకరాకు మోతాదు: రెండూ ఒకటి కాదు

మందుల సిఫారసులు రెండు రకాలుగా ఉంటాయి. కొన్నింటికి లీటరు నీటికి ఇంత అని చెబుతాం. కొన్నింటికి, ముఖ్యంగా కలుపు మందులకు, ఎకరాకు ఇంత అని చెబుతాం.

వేప నూనెను లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున వాడమంటాం. దీని పట్టిక తేలిక.

| ట్యాంకు (లీటర్లు) | వేప నూనె (మి.లీ.) | ఒక లీటరుకు |
|---|---|---|
| 10 | 50 | 5 |
| 15 | 75 | 5 |
| 16 | 80 | 5 |
| 20 | 100 | 5 |

ఇది అనులోమానుపాతం. ట్యాంకు పెద్దదైతే మందూ పెరుగుతుంది.

ఇప్పుడు వరిలో వాడే బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం కలుపు మందును తీసుకుందాం. ఎకరాకు 100 మి.లీ. అనుకుందాం. ట్యాంకుకు ఎంత పోయాలి? అది మీరు ఎకరాకు ఎన్ని ట్యాంకులు కొడతారనే దాన్ని బట్టి ఉంటుంది.

| ఎకరాకు పట్టే ట్యాంకులు | ట్యాంకుకు మందు (మి.లీ.) | రెండింటినీ హెచ్చిస్తే |
|---|---|---|
| 8 | 12.5 | 100 |
| 10 | 10 | 100 |
| 12.5 | 8 | 100 |
| 16 | 6.25 | 100 |

ఇక్కడ భాగిస్తే ఒకే జవాబు రాదు, హెచ్చిస్తే వస్తుంది. ట్యాంకులు 8 నుంచి 16కు రెట్టింపైతే ట్యాంకుకు పోసే మందు సగమైంది. దీన్ని విలోమానుపాతం అంటారు. గుర్తు పెట్టుకోవలసింది ఒకటే: భాగిస్తే ఒకే జవాబు వస్తే అనులోమం, హెచ్చిస్తే ఒకే జవాబు వస్తే విలోమం.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, "ట్యాంకుకు 10 మి.లీ." అని పక్క రైతు చెప్పిన మాట పట్టుకుని కొడతారు. ఆయన ఎకరాకు పది ట్యాంకులు కొడతారు. మీరు నెమ్మదిగా నడిచి పదహారు ట్యాంకులు కొడితే ఎకరాకు 160 మి.లీ. పడుతుంది. అప్పుడు వరి పసుపు రంగుకు తిరిగి ఎదుగుదల ఆగే ప్రమాదం ఉంది. వేగంగా నడిచి ఎనిమిది ట్యాంకులతో ముగిస్తే 80 మి.లీ. మాత్రమే పడుతుంది. ముదిరిన కలుపు దానికి చావదు.

కాబట్టి ముందుగా మంచినీళ్లతో ఒకసారి పరీక్షించుకోండి. 4 గుంటలు, అంటే 10 సెంట్లు, ఎకరాలో పదో వంతు. అంత మేర కొలిచి, మామూలుగా నడిచే వేగంతో నీళ్లు కొట్టండి. 20 లీటర్లు పడితే ఎకరాకు 200 లీటర్లు. 16 లీటర్ల ట్యాంకుతో అయితే పన్నెండున్నర ట్యాంకులు, ట్యాంకుకు 8 మి.లీ. అదే 4 గుంటలకు 24 లీటర్లు పడితే ఎకరాకు 240 లీటర్లు, 15 ట్యాంకులు, ట్యాంకుకు సుమారు 6.7 మి.లీ. ఈ లెక్క నిలవాలంటే నడక వేగం, నాజిల్, పీడనం మారకూడదు. నాజిల్ మారిస్తే పరీక్ష మళ్లీ చేయాలి.

డ్రోన్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. డ్రోన్ ఎకరాకు సుమారు 10 లీటర్ల నీటితోనే పిచికారి చేస్తుంది. లీటరుకు 5 మి.లీ. చొప్పున 50 మి.లీ. పోస్తే ఎకరానికి సరిపోదు. 200 లీటర్లకు పట్టే మొత్తం 1000 మి.లీ. ఆ పది లీటర్లలోనే పోస్తే ద్రావణం మరీ చిక్కబడి ఆకులు మాడవచ్చు. అంటే చేతి పంపు పట్టికను డ్రోన్‌కు ఏ విధంగా హెచ్చించినా కుదరదు. డ్రోన్‌కు ఆమోదించిన మందు, ఆమోదించిన మోతాదు అడిగి తెలుసుకుని మాత్రమే వాడాలి.

మొక్కల మధ్య దూరం, మొక్కల సంఖ్య

ఎకరా సుమారు 4047 చదరపు మీటర్లు. పత్తిలో సాళ్ల మధ్య 90 సెం.మీ. ఉంచి, సాలులో మొక్కల మధ్య దూరం మారిస్తే ఎకరాకు మొక్కలు ఇలా వస్తాయి.

| మొక్కల మధ్య దూరం (సెం.మీ.) | ఎకరాకు మొక్కలు |
|---|---|
| 20 | 22,483 |
| 30 | 14,989 |
| 45 | 9,993 |
| 60 | 7,494 |

దూరాన్ని, మొక్కల సంఖ్యను హెచ్చిస్తే ప్రతి వరుసలో సుమారు 4,49,700 వస్తుంది. ఇదీ విలోమానుపాతమే. దూరం సగమైతే మొక్కలు రెట్టింపు, కాబట్టి విత్తనం ఖర్చు కూడా రెట్టింపు.

అయితే తోటల్లో రెండు వైపులా దూరం మార్చితే లెక్క మారుతుంది. 10 × 10 మీటర్లలో ఎకరాకు 40 మామిడి మొక్కలు పడితే, 5 × 5 మీటర్లలో 80 కాదు, 162 వరకు పడతాయి. దూరం సగమైతే మొక్కలు నాలుగు రెట్లయ్యాయి. మొక్కలు కొనేటప్పుడు, గుంతలు తీయించేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. పైపుల విషయమూ ఇంతే. 2 అంగుళాల పైపు కంటే 4 అంగుళాల పైపు నోరు నాలుగు రెట్లు పెద్దది, రెండు రెట్లు కాదు.

సమానంగా పెరిగినంత మాత్రాన అనుపాతం కాదు

చాలామందిని తప్పుదారి పట్టించే పట్టికలు ఇవి. ట్రాక్టరు అద్దె ఉదాహరణ చూద్దాం. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవి, మీ ఊరి రేట్లు వేసుకుని చూడండి. మొదటి ట్రాక్టరు వాళ్లు రావడానికి పోవడానికి 500 రూపాయలు, ఆపైన గంటకు 1000 అడుగుతారు. రెండో వాళ్లు గంటకు 1200 మాత్రమే అడుగుతారు.

| గంటలు | మొదటి ట్రాక్టరు (రూ.) | గంటకు పడింది | రెండో ట్రాక్టరు (రూ.) | గంటకు పడింది |
|---|---|---|---|---|
| 1 | 1500 | 1500 | 1200 | 1200 |
| 2 | 2500 | 1250 | 2400 | 1200 |
| 3 | 3500 | 1167 | 3600 | 1200 |
| 5 | 5500 | 1100 | 6000 | 1200 |

రెండు ట్రాక్టర్ల అద్దె కూడా గంట గంటకు సమానంగానే పెరిగింది. కానీ భాగిస్తే రెండో దానిలోనే ఒకే జవాబు. మొదటిది సున్నా పరీక్షలోనే ఆగిపోతుంది. ట్రాక్టరు వచ్చి దున్నకుండా వెనక్కి పోయినా 500 ఇవ్వాలి.

దీని వల్ల మనకు ఉపయోగం ఉంది. రెండున్నర గంటల దగ్గర రెండూ 3000 రూపాయలే. పని అంతకంటే తక్కువైతే రెండో ట్రాక్టరు మేలు, ఎక్కువైతే మొదటిది మేలు. చిన్న కమతాలవారు పక్కపక్క మడులవారిని కలుపుకుని ఒకేసారి దున్నిస్తే ఆ 500 అందరికీ పంచుకోవచ్చు. కోత యంత్రానికీ ఇదే వర్తిస్తుంది.

ఇలాంటిదే డి.ఎ.పి., యూరియా సర్దుబాటు. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. ఎకరాకు 48 కిలోల నత్రజని ఇవ్వాలనుకుంటే:

| డి.ఎ.పి. బస్తాలు | వేయవలసిన యూరియా (కిలోలు) | తగ్గిన యూరియా (కిలోలు) |
|---|---|---|
| 0 | 104.3 | 0 |
| 1 | 84.8 | 19.6 |
| 2 | 65.2 | 39.1 |

డి.ఎ.పి. రెట్టింపు చేస్తే యూరియా సగం కాలేదు. అంటే మొదటి రెండు గడుల మధ్య ఏ అనుపాతమూ లేదు. కానీ డి.ఎ.పి.కి, తగ్గిన యూరియాకు మధ్య ఉంది. బస్తా డి.ఎ.పి. వేసిన ప్రతిసారీ సుమారు 19.6 కిలోల యూరియా తగ్గించుకోవచ్చు. డి.ఎ.పి.లోని నత్రజనిని లెక్కలోకి తీసుకోకుండా పూర్తి యూరియా వేస్తున్నవారు ఈ మేరకు డబ్బు పోగొట్టుకుంటున్నారు, పైగా పైరుకు నత్రజని ఎక్కువ చేస్తున్నారు.

తేమ కోత: సున్నా ఎక్కడుందో చూడాలి

కొనుగోలు కేంద్రంలో వరి ధాన్యానికి 17 శాతం వరకు తేమను అనుమతిస్తారు. ఆపైన ఉంటే ఆరబెట్టుకోవాలి. ఆరబెడితే క్వింటాలుకు ఎంత తగ్గుతుంది? తేమ పోతుందే కానీ గింజలోని పొడి పదార్థం పోదు. 22 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యంలో పొడి పదార్థం 78 కిలోలు. 17 శాతానికి ఆరాక ఆ 78 కిలోలే మొత్తంలో 83 శాతం అవుతుంది. 78ని 0.83తో భాగిస్తే సుమారు 94 కిలోలు.

| తేమ శాతం | 17 కంటే ఎక్కువ ఉన్నది | క్వింటాలుకు తగ్గే బరువు (కిలోలు) | తగ్గుదల ÷ తేమ | తగ్గుదల ÷ ఎక్కువ తేమ |
|---|---|---|---|---|
| 19 | 2 | 2.41 | 0.13 | 1.2 |
| 20 | 3 | 3.61 | 0.18 | 1.2 |
| 22 | 5 | 6.02 | 0.27 | 1.2 |
| 24 | 7 | 8.43 | 0.35 | 1.2 |

తేమ శాతంతో భాగిస్తే అనుపాతం కనబడదు. 17 కంటే ఎక్కువున్న తేమతో భాగిస్తే ప్రతి వరుసలో 1.2 వచ్చింది. తగ్గుదల మొదలయ్యేది 17 దగ్గర కాబట్టి ఈ పట్టికకు సున్నా అక్కడే ఉంది. కొన్ని పట్టికల్లో అనుపాతం ఇలా లోపల దాగి ఉంటుంది. ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో తెలిస్తే బయటపడుతుంది.

మీకు పనికివచ్చే సూత్రం ఇది: 17 పైన ఉన్న ఒక్కో శాతం తేమకు క్వింటాలుకు సుమారు 1.2 కిలోలు తగ్గుతుంది. 22 శాతం ధాన్యం 40 క్వింటాళ్లు కల్లంలో ఉంటే 5 × 1.2 = 6 కిలోలు, 40 క్వింటాళ్లకు 240 కిలోలు, అంటే దాదాపు రెండున్నర క్వింటాళ్లు. ఆరబెట్టాక తూకం ఇంత తగ్గితే ధాన్యం ఎవరో తీశారని అనుమానించనవసరం లేదు, అది నీరు. ఇంతకంటే బాగా ఎక్కువ తగ్గితే మాత్రం తూకాన్ని, తాలు తప్పను, తేమ కొలిచే యంత్రాన్ని సరిచూడమని అడిగే హక్కు మీకుంది. ఎవరైనా తేమ పేరుతో కోత పెడితే, ఎంత తేమకు ఎంత కోతో ఈ లెక్కతో పోల్చి చూడండి.

ఎప్పుడూ హెచ్చించకూడని పట్టిక: ఎరువు, దిగుబడి

"ఒక బస్తాకు ఇంత పండితే రెండు బస్తాలకు రెట్టింపు పండాలి కదా సారూ" అని అడిగేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఈ కింది అంకెలు ఒక పొలంలో కొలిచినవి కావు. పైరు నత్రజనికి ఎలా స్పందిస్తుందో అర్థం కావడానికి వేసినవి.

| ఎకరాకు నత్రజని (కిలోలు) | వరి దిగుబడి (క్వింటాళ్లు) | అదనంగా వచ్చింది |
|---|---|---|
| 0 | 14 | - |
| 20 | 19 | 5 |
| 40 | 23 | 4 |
| 60 | 24.5 | 1.5 |
| 80 | 24 | తగ్గింది |

మూడు పరీక్షల్లోనూ ఇది నిలవదు. నత్రజని సున్నా అయినా 14 క్వింటాళ్లు వచ్చాయి, అది నేల ఇచ్చింది. 20 నుంచి 40కి రెట్టింపు చేస్తే దిగుబడి రెట్టింపు కాలేదు. భాగిస్తే 0.95, 0.58, 0.41, 0.30 అని పడిపోతూ ఉంది. ఇలాంటి పట్టికలో చూడవలసింది మొత్తం దిగుబడి కాదు, చివరి బస్తా ఎంత తెచ్చిందన్నది. 20 కిలోల నత్రజని అంటే దాదాపు ఒక బస్తా యూరియా. మొదటి బస్తా 5 క్వింటాళ్లు తెచ్చింది, మూడోది ఒకటిన్నర, నాలుగోది ఏమీ తేకపోగా ఉన్నది తగ్గించింది.

అదనపు నత్రజని నష్టం అక్కడితో ఆగదు. పైరు ఏపుగా, మెత్తగా పెరిగి పడిపోతుంది. అగ్గి తెగులు, సుడి దోమ ఎక్కువవుతాయి. వాటికి మళ్లీ మందుల ఖర్చు. మీ నేలకు ఆ మలుపు ఏ మోతాదు దగ్గర వస్తుందో భూసార పరీక్ష ద్వారా, మీ ప్రాంతపు సిఫారసు ద్వారా తెలుసుకోవాలి. వరిలో ఆకు రంగు పట్టికతో పోల్చి చూసి యూరియా వేసుకోవడం మంచి పద్ధతి.

ఒకే సంచి యూరియాకు రెండు పట్టికలు ఉన్నాయని గమనించారా? సంచిలో ఎంత నత్రజని ఉందన్నది అనుపాతం. ఆ నత్రజనికి ఎంత పంట వస్తుందన్నది అనుపాతం కాదు. సంచి లెక్కకు తూకం చాలు, పంట లెక్కను మాత్రం నేల, నీరు, వాతావరణం కలిసి నిర్ణయిస్తాయి.

పట్టిక చేతికి రాగానే చేయవలసినవి

- పైన శీర్షిక చదవాలి. ఎకరాకా, హెక్టారుకా, లీటరుకా, ట్యాంకుకా, బస్తాకా చూడాలి.
- విస్తీర్ణం గుంటల్లో ఉందో, సెంట్లలో ఉందో చూసి ముందుగా ఒకే కొలతలోకి మార్చుకోవాలి.
- సున్నా దగ్గర ఏమవుతుందో ఆలోచించాలి.
- ప్రతి వరుసను భాగించి చూడాలి. ఒకే జవాబు వస్తే మీ పొలానికి హెచ్చించుకోవచ్చు.
- భాగిస్తే రాకపోతే హెచ్చించి చూడాలి. ఒకే జవాబు వస్తే విలోమం. ఒకటి పెరిగితే రెండోది అదే రెట్లలో తగ్గుతుంది.
- రెండూ కుదరకపోతే పట్టికలో ఉన్న వరుస వరకే నమ్మాలి. లేని వరుసను మనం ఊహించుకోకూడదు.
- దిగుబడి, తెగులు తీవ్రత, పైరు ఎదుగుదల వంటి వాటిని ఎప్పుడూ నేరుగా హెచ్చించకూడదు.
- మందు డబ్బాపై ఉన్న మోతాదును దాటకూడదు. కొలత పాత్ర వాడాలి, మూతతో అంచనా వేయకూడదు.

ఈ లెక్కలకు పెద్ద చదువు అక్కర్లేదు. హెచ్చవేత, భాగహారం వస్తే చాలు, ఫోన్‌లోనూ చేసుకోవచ్చు. మందు ట్యాంకులో పోసే ముందు ఐదు నిమిషాలు కూర్చుని కాగితం మీద వేసుకోండి. పాస్‌బుక్ అట్ట లోపల మీ పొలం మొత్తం గుంటల్లో గానీ సెంట్లలో గానీ ఎంతో ఒకసారి పెన్నుతో రాసి పెట్టుకోండి. ఇంట్లో ఎవరు లెక్క వేసినా ఆ అంకెతోనే మొదలుపెడతారు.

సందేహం ఉంటే తెలంగాణ రైతులు తమ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని రైతు వేదికలో, ఆంధ్రప్రదేశ్ రైతులు తమ గ్రామ రైతు సేవా కేంద్రంలోని సిబ్బందిని కలవండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. అడిగేటప్పుడు పంట వయసు, పొలం ఎన్ని గుంటలో లేదా సెంట్లో, మీ ట్యాంకు ఎన్ని లీటర్లదో మూడూ చెప్పండి. ఇవి తెలిస్తే మోతాదు చెప్పడం సులువు.